వార్షికోత్సవానికే గుర్తొచ్చే పాట

ఫిబ్రవరి దగ్గర పడిందంటే మన మండలాల్లోని హైస్కూళ్లలో ఒక సందడి మొదలవుతుంది. గార్లదిన్నె నుంచి పెనకచెర్ల డ్యాం వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక బడిలో ఈమధ్య మేము చూసిందీ అదే. వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలుంది. చివరి పీరియడ్‌లో వరండాలో స్పీకరు పెట్టారు. సినిమా పాట మోగుతోంది. ఆరుగురు అమ్మాయిలు సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకున్న స్టెప్పులు వేస్తున్నారు. తక్కిన పిల్లలంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. వీళ్లకు నేర్పుతున్నది ఎవరని అడిగితే వ్యాయామ ఉపాధ్యాయుడు నవ్వి, "ఫోనే అయ్యగారూ" అన్నారు.

ఆయన్ను తప్పుపట్టలేం. ఆయన ఉద్యోగం ఆటలు నేర్పడం. తెలుగు టీచరుకు పాఠ్యాంశం పూర్తికాలేదు. లెక్కల టీచరుకు పదో తరగతి ప్రత్యేక తరగతులున్నాయి. సంగీతం, నాట్యం, నాటకం నేర్పడం ఎవరి పనీ కాదు కాబట్టి అది ఫోను పనైంది. మూడు వారాల తర్వాత షామియానా విప్పేస్తారు. మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ బడిలో పాట ఉండదు.

ఈ వారం మేము పాఠకుల ముందు పెడుతున్న ప్రశ్న ఇది. పాట, ఆట, నాటకం అతిథుల కోసం ఏర్పాటు చేసే వినోదమా, పిల్లలకు నేర్పవలసిన చదువా? చదువే అని మా అభిప్రాయం. కాగితం మీద ప్రభుత్వం కూడా అదే అంటోంది.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళావిద్య తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆ బడికి కళావిద్య కోసం ఒక పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి, ఇది పాఠ్యాంశం, అది సహపాఠ్యాంశం అన్న గోడే వద్దంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి 'కృతి' పేరుతో కళల పుస్తకం తెచ్చింది. అందులో చిత్రకళతో పాటు నాటకం, సంగీతం, నాట్యం ఉన్నాయి.

మరి బడిలో ఎందుకు కనబడవు? పుస్తకం ఉన్నంత మాత్రాన పాట రాదు. నేర్పే మనిషి కావాలి. 2025లో మన రాష్ట్రం ప్రకటించిన మెగా డీఎస్సీ పోస్టులు 16,347. సెకండరీ గ్రేడ్ టీచర్లు, స్కూల్ అసిస్టెంట్లు, టీజీటీలు, పీజీటీలు, ప్రిన్సిపాళ్లు, వ్యాయామ ఉపాధ్యాయులు - ఇవీ ఆ ప్రకటనలోని వర్గాలు. సంగీతం, నాట్యం, నాటకం పేర్లు ఈ వర్గాల్లో లేవు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన నిరుద్యోగ యువతకు ఉద్యోగాలు రావడం సంతోషమే. కానీ చట్టం అడిగిన కళాబోధకుడి సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

చట్టంలోనూ ఒక లోటుంది. విద్యాహక్కు పద్నాలుగేళ్లతో ముగుస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆ బోధకుడి లెక్కలోకే రారు. గొంతు మారి, ఒళ్లు పెరిగి, నలుగురిలో నోరు విప్పాలంటే బిడియపడే వయసది. తన గొంతును, తన ఒంటిని తాను అదుపులో పెట్టుకోవడం నేర్పే విద్య పిల్లలకు ఎక్కువ అవసరమైనదీ అప్పుడే.

రెండో కారణం మార్కులు. పదో తరగతి పరీక్ష 600 మార్కులకు. అందులో కళకు ఒక్క మార్కూ లేదు. గ్రేడు వేసే కాలమ్ ఉంటుంది. పాఠం జరగకపోయినా ఆ కాలమ్ నిండుతుంది. ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుందని తెలిసిన తండ్రి, కొడుకు తబలా నేర్చుకుంటానంటే ఏమంటాడో వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మనది. వేరుశనగ చేతికి రాని ఏడాది బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. "అన్నం పెట్టని పాట ఎందుకు?" అన్నది వారి నోట వచ్చినప్పుడు తేలిగ్గా తీసేసే మాట కాదు.

అయితే లెక్కలోకి తెస్తే కళ నిలుస్తుందని చూపిన రాష్ట్రం పక్కనే ఉంది. కేరళలో 1957లో మొదలైన పాఠశాలల కలోత్సవం ఇప్పుడు రాష్ట్రమంతా ఎదురుచూసే పండుగ. అక్కడ గెలిచిన పిల్లలకు గ్రేస్ మార్కుల సంప్రదాయం ఉంది. దాంతో పోటీ, డబ్బు ఖర్చు పెరిగాయన్న విమర్శలూ వచ్చాయి. ఆ జాగ్రత్త మనకూ అవసరమే. ఇంగ్లండ్‌లో ఇందుకు ఎదురు జరిగింది. 2010లో బడుల పనితీరును కొలవడానికి తెచ్చిన సబ్జెక్టుల కొలమానంలో కళలకు చోటివ్వలేదు. ఆ తర్వాత సెకండరీ బడుల్లో సంగీతం, నాటకం ఎంచుకునే పిల్లలు తగ్గిపోయారని అక్కడి ఉపాధ్యాయులు ఏళ్లపాటు మొరపెట్టుకున్నారు. బడి దేన్ని లెక్కిస్తుందో దానికే గంట మోగుతుంది.

మన నేలలో కళ లేదంటే నమ్మలేం. 'ఆంధ్ర నాటక పితామహుడు'గా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ సీమవారే. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలో. వృత్తికి వకీలు, పేరుకు మహానటుడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి చదువుకున్న మహిళలను రంగస్థలం ఎక్కించిన మనిషి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసి ఆడించే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఉరుములు, కోలాటం, చెక్కభజన తెలిసినవారు ఊళ్లలో ఇంకా ఉన్నారు. స్థానిక కళాకారులను బడుల్లో బోధకులుగా పెట్టుకోవచ్చని 2020 విద్యావిధానమే చెబుతోంది. మనిషి ఊళ్లో ఉన్నాడు, పిల్లలు బడిలో ఉన్నారు. వీరిద్దరినీ కలిపే ఉత్తర్వు, ఆ మనిషి చేతిలో పెట్టే గౌరవ వేతనం - ఈ రెండే రావాలి.

నాటకం అన్నం పెడుతుందని మేము చెప్పబోవడం లేదు. అది చేసే పని వేరు. తల్లిదండ్రులు వలస వెళ్లగా అవ్వ దగ్గర పెరిగే పిల్లను ఒకసారి గుర్తు చేసుకోండి. తరగతిలో వెనక బెంచీ. టీచరు పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది గాని జవాబు గొంతు దాటదు. ఆ పిల్లకు నాటికలో నాలుగు మాటలిస్తే, ఆ మాటలు చివరి వరసకు వినబడేలా చెప్పడం నేర్చుకోవాలి. ఎదుటివాడు ముగించేదాకా ఆగడం నేర్చుకోవాలి. రేపు ఇంటర్వ్యూలోనో, మండలాఫీసు కిటికీ దగ్గరో, అత్తింట్లో తన న్యాయం తాను చెప్పుకోవలసి వచ్చినప్పుడో ఆ గొంతే అక్కరకొస్తుంది. బృందంగా పాడే పిల్లలు పక్కవారి గొంతు వింటూ పాడాలి. కులం, వర్గం పేరున విడిపోయిన ఊరికి ఆ వినికిడి చిన్న విషయం కాదు.

ఇక మన ఇంటి సంగతి. ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే మేము సగమే చెప్పినట్టు.

మన సంఘాల్లో చాలామందికి నాట్యం, నాటకం అంటే జంకు. దానికి కారణాలున్నాయి. దళితవాడల్లోని మన పూర్వీకులు ఊరి చావులకు, జాతరలకు కూలి లేకుండా డప్పు కొట్టవలసి వచ్చింది. క్రీస్తును నమ్మినప్పుడు ఆ వెట్టిని వదిలించుకోవడంలో భాగంగానే డప్పునూ వదిలారు. అది ఆత్మగౌరవం కోసం చేసిన పని. దాన్ని మేము తక్కువ చేయం. కానీ వెట్టితోపాటు తాళాన్నీ పోగొట్టుకున్నామేమో ఆలోచించాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు ఆ సంగీతంలో పండి రాశారు. ఈరోజు ఆ రాగం పేరు చదివి పాట ఎత్తుకోగలవారు సంఘానికి ఒక్కరైనా ఉన్నారా?

వాక్యం మనల్ని ఆపుతోందా? మిర్యాము తంబుర పట్టుకుంది. దావీదు మందసము ముందు నాట్యమాడాడు. 150వ కీర్తన వాయిద్యాలతో పాటు నాట్యాన్నీ చేర్చింది. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చూడండి. దేవాలయ సంగీతానికి తర్ఫీదు పొందినవారు 288 మంది. గురువని, శిష్యుడని తేడా లేకుండా వంతులు వేసుకున్నారు. తలాంతు దేవుడిస్తాడు, తర్ఫీదు మనుషులివ్వాలి.

మనస్సాక్షి సమస్య కూడా ఉంది. బడిలో నేర్పే కొన్ని పాటలు, నాట్యాంశాలు పూజతో ముడిపడి ఉంటాయి. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదంటుంది. 1986లో కేరళకు చెందిన ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లల కేసులో సుప్రీంకోర్టు, జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడి, మనస్సాక్షి కారణంగా పాడకుండా ఉన్న పిల్లలను బడి నుంచి పంపేయడం తప్పని తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. కాబట్టి మన బిడ్డ ఒక అంశం చేయలేనంటే టీచరుతో మర్యాదగా చెప్పి, ఇంకో అంశం అడగవచ్చు. ఒక పాట నచ్చలేదని సంగీతమంతటినీ వద్దనడం మాత్రం బిడ్డకు అన్యాయం.

మేము ఈ అన్యాయం చేశాం గనుక చెబుతున్నాం. ఇరవై ఏళ్ల కిందట మా సంఘంలోని ఒక తల్లి వచ్చి, "పాపకు బడి నాటకంలో వేషమిచ్చారు, పంపమంటారా అయ్యగారూ?" అని అడిగింది. ఏ నాటకమని కూడా మేము అడగలేదు. "వేషాలెందుకమ్మా, చదువుకోనివ్వు" అన్నాం. ఆ తల్లి మా మాట దాటలేదు. అది వరకట్నం మీద పిల్లలే రాసుకున్న నాటిక అని మాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు చేయగలిగినవి కొన్నున్నాయి. ఒక్కో బడికి ఒక్కో బోధకుణ్ణి ఇవ్వలేమంటే, మండలంలోని నాలుగైదు హైస్కూళ్లకు కలిపి ఒకరిని ప్రభుత్వం వేయవచ్చు. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో ఉండాలి, పదో తరగతిలో కూడా. శనివారం 'నో బ్యాగ్ డే' అంటున్నారు కాబట్టి ఊరి కళాకారుణ్ణి పిలవడానికి అది మంచి రోజు. బాగా ఆడేవారికే కాక తరగతిలోని ప్రతి పిల్లకూ పాత్ర దక్కాలి. పిల్లల వయసుకు తగని పాటలను వేదిక మీదకు రానివ్వకుండా పాఠశాల కమిటీలోని తల్లిదండ్రులు అడ్డుపడాలి. మన సంఘాలు కూడా ఆదివారం తప్ప తలుపు తీయని మందిరాలను సాయంత్రాలు తెరవాలి. అక్కడ కీబోర్డుంది, డోలక్ ఉంది, వాయించే యువకుడున్నాడు. ఏ మతపు బిడ్డ వచ్చినా సరిగమలు నేర్పి పంపవచ్చు. అందుకు ప్రతిగా ఏమీ అడగకూడదు.

ఆనాటి ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. స్త్రీల కూడికలో ప్రార్థన చేయమంటే నేటికీ తల వంచుకుంటుంది. ఆమె పెద్దకూతురు ఎనిమిదో తరగతి. ఈ ఏడాది వార్షికోత్సవంలో ఆ పిల్లకు నాటికలో వేషం వచ్చిందట. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక తల్లి వచ్చి మమ్మల్ని అదే ప్రశ్న అడిగింది. ఈసారి ఏ నాటకమని అడిగాం. ఎన్ని గంటలకు మొదలవుతుందో కూడా అడిగాం. ముందు వరసలో కూర్చుంటామని చెప్పాం.