నిర్బంధ కవాతు, ఒక అబద్ధపు సర్టిఫికెట్

యువతకు సైనిక శిక్షణను నిర్బంధం చేస్తే గాని దేశం బాగుపడదని ఉదయపు నడకలో నా మిత్రులు తరచుగా అంటూ ఉంటారు. అనేవారిలో ఆ శిక్షణ పొందినవారు అరుదు. నేను పొందాను. అందువలన ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత నాకున్నదని భావిస్తున్నాను. వీరగాథను మాత్రం ఆశించకండి.

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. కాని 1962 చైనా యుద్ధం తరువాత, 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. శిక్షణను తప్పనిసరి చేశారు. 1968లో దానిని తిరిగి ఐచ్ఛికం చేశారు. ఆ ఐదేళ్ళ నడుమ, 1965లో, నేను కళాశాలలో చేరాను. ఆ సెప్టెంబరులో సరిహద్దున పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుంటే, మేము కోస్తా ఉక్కపోతలో గంజి పెట్టిన ఖాకీ బట్టలు తొడుక్కుని ‘సావధాన్’, ‘విశ్రామ్’ అభ్యసిస్తూ ఉండేవాళ్ళం. మడమలకు బొబ్బలు, కవాతు ముగిశాక ఇడ్లీలు. నా సైనిక జీవితం మొత్తంలో నేను పేల్చినవి ఐదు తూటాలు. వాటిలో ఒక్కటీ గురి నడుమ తగలలేదు.

చెప్పవలసినది మరొకటి ఉన్నది. తప్పనిసరి అన్న చోట తప్పించుకునే దారులు కూడా పుడతాయి. పరీక్షలు దగ్గరపడగానే మా తరగతిలో ఏడెనిమిది మందికి ఒకేసారి జ్వరాలు వచ్చాయి. నాకు టైఫాయిడ్ వచ్చింది! మా నాన్నగారి స్నేహితులైన ఒక వైద్యులు నా నాడి అయినా చూడకుండా సర్టిఫికెట్ వ్రాసి ఇచ్చారు. నెల రోజులు కవాతు ఎగవేసి చదువుకున్నాను.

ఆ నెలలోనే, పల్లెటూరి నుంచి వచ్చిన సహాధ్యాయి ఒకడు వరుసలో నిలబడి నిలబడి కుప్పకూలాడు. శిక్షకుడు నమ్మలేదు. “ఇదీ టైఫాయిడేనా?” అని, లేపి తిరిగి నిలబెట్టాడట. రెండవసారి పడినప్పుడు గడ్డం చిట్లి కుట్లు పడ్డాయి. సాయంత్రం హాస్టలులో అతనిని చూసినప్పుడు నాకు నవ్వు వచ్చిందే గాని జాలి కలగలేదు. ఆ నవ్వును నేను మరచిపోలేదు.

కొన్నేళ్ళకు వైద్యవిద్యలో రక్తహీనత పాఠం వింటున్నప్పుడు అతని అరచేతులు కళ్ళ ముందు మెదిలాయి. సున్నంలా తెల్లగా ఉండేవి. మెట్లెక్కితే ఆయాసపడేవాడు. కాలేజీకి వచ్చేదాకా చెప్పులెరుగడు. కొంకిపురుగు పాదాల చర్మం గుండానే శరీరంలో ప్రవేశిస్తుంది, పేగుకు అంటుకుని రక్తం పీలుస్తుంది. ప్రభుత్వం బూట్లు ఇచ్చింది, నిజమే. పురుగులు అప్పటికే లోపల ఉండి ఉంటాయి. అతని కింది కనురెప్పను లాగి చూసినవారు ఎవరూ లేరు. అందుకు పట్టేది పది సెకనులు.

కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది. అది అర లీటరుకు పైగానే ఉండవచ్చు. పిక్కల కండరాలు కదిలితేనే ఆ రక్తం తిరిగి పైకి చేరుతుంది. అవి కదలక, ఎండ కూడా తోడైతే, మెదడుకు రక్తం తగ్గి మనిషి పడిపోతాడు. నేలపై పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తడమే ప్రథమ చికిత్స. అటువంటి వానిని లేపి నిలబెట్టడం కంటె పెద్ద పొరపాటు లేదు. ఆరోగ్యవంతుడు కూడా ఇలా పడవచ్చు. రక్తహీనత ఉన్నవాడు మరింత త్వరగా పడతాడు.

ప్రభుత్వ వైద్యునిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు కోసం సర్టిఫికెట్ అడగడానికి వచ్చినవారు ఎందరో. రోగి రాడు, అతని బావమరిది వస్తాడు. అన్నిటినీ తిరస్కరించానని చెప్పుకుంటే అది మరొక అబద్ధమవుతుంది. పైఅధికారుల సిఫారసుకు తలవంచి సంతకం చేసినవి ఉన్నాయి. చేసిన ప్రతిసారీ, నిజమైన రోగి ఒకడు ఎక్కడో తిరిగి నిలబెట్టబడుతున్నట్లు అనిపించేది.

కనుక నిర్బంధ శిక్షణ కోరే మిత్రులకు నేను చెప్పేది ఇదే. శిక్షణకు నేను వ్యతిరేకిని కాను. ఇష్టపడి చేరిన పిల్లలు ఎన్.సి.సి.లో ఎంత చక్కగా రాణిస్తారో చూశాను. కాని బలవంతం చేయదలచుకుంటే ముందు ప్రతి విద్యార్థికీ హీమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, గుండె చప్పుడు వినిపించండి. తరువాతే బూట్లు ఇవ్వండి.

అంతవరకు, ఆగస్టు 15న పాఠశాల ఆవరణలో పిల్లలను వరుసగా నిలబెట్టే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఉదయం ఏమైనా తిన్నారా అని అడగండి. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే నీడలో కూర్చోబెట్టండి. నిలబడక తప్పని వేళ, బూట్ల లోపల కాలివేళ్ళు ఆడిస్తూ ఉండమని చెప్పండి. జెండా వందనంలో నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, ఎవరికీ కనబడదు.