ప్రజ్ఞాపరాధం – ఎవరి అపరాధం?

2023 అక్టోబరు 29వ తేదీ రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద విశాఖపట్నం–పలాస పాసింజరును వెనుక నుండి వచ్చిన విశాఖపట్నం–రాయగడ పాసింజరు ఢీకొనగా 14 మంది మరణించారు. పాడైన ఆటోమేటిక్ సిగ్నలు వద్ద 2 నిమిషాలు ఆగి, ఆపై గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సాగవలసి ఉండగా, వెనుక బండి డ్రైవరు, సహాయకుడు ఆ నియమం పాటించలేదని ప్రాథమిక విచారణ తేల్చింది. వారిరువురూ అక్కడే అసువులు బాశారు. "మానవ తప్పిదం" అన్న మాటతో లోకం చర్చ ముగించింది. వైద్యునికి ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

చరక సంహిత ఇటువంటి తప్పిదాన్ని ప్రజ్ఞాపరాధమన్నది. ధీ, ధృతి, స్మృతి చెడినప్పుడు మనిషి చేసే పని అది. సిగ్నలును సరిగా గ్రహించడం ధీ. ఆలస్యమవుతున్నా ఆగగలగడం ధృతి. నియమం వేళకు గుర్తురావడం స్మృతి. దేహాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలలో ఆహారం, నిద్ర రెండు. అవి కుంగితే ప్రజ్ఞ నిలుస్తుందా?

ఆ ఇరువురి మాట అటుంచి, ఈ వృత్తిని చూద్దాం. దక్షిణ మధ్య రైల్వేకు 1966 నుండి మా సికింద్రాబాదే కేంద్రం గనుక నా వద్దకు ఇంజను డ్రైవర్లు వస్తుంటారు. ఆమ్లపిత్తం, మలబద్ధకం, పగలు పట్టని నిద్ర – ఇవే వారి బాధలు. ఇంజనులో మూత్రశాల లేక దాహాన్ని సైతం ఆపుకొంటారు. మూత్రం, దాహం, నిద్ర – మూడూ చరకుడు ఆపరాదన్న 13 వేగాలలోనివే. ఏకాగ్రతకూ హద్దున్నది. రాడారు తెర చూసేవారి కోసం మాక్‌వర్త్ చేసి 1948లో ప్రకటించిన పరీక్షలలో మొదటి అరగంటలోనే చూపు జారడం కనిపించింది.

యంత్రమే కాపాడుతుంది కదా అనవచ్చు. సికింద్రాబాదు డివిజనులో 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద నడుమ పరీక్షించిన 'కవచ్' బండిని తనంతట తానే ఆపుతుంది. అది మేలే. కంటకాపల్లిలో అది లేదు. జీడిమెట్లలో రాత్రి షిఫ్టున ప్రెస్సు నడిపే కార్మికునికి అటువంటి కవచమేదీ లేదు.

జ్ఞాపకశక్తికి బ్రాహ్మీ లేహ్యం ఇమ్మని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: నిద్రకు బదులుగా పనిచేసే లేహ్యం లేదు. రాత్రి మేల్కొన్నవారు మేల్కొన్న కాలంలో సగమైనా ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు విధించాడు. అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించి, గది చీకటి చేసుకొని పడుకోవాలి. ఆ వేళ ఇంటివారు రేడియో, టీవీ కట్టిపెట్టడం కూడా వైద్యమే.

మిగిలినది యాజమాన్యాల చేతిలో ఉన్నది. వరుస రాత్రి డ్యూటీలు రెండింటికి మించరాదన్న లోకో పైలట్ల కోరిక ఆయుర్వేద దృష్టికి న్యాయమైనది. ఇకపై ప్రతి విచారణ సంఘమూ "నియమం ఎవరు తప్పారు?" అని అడిగే ముందు, "ఆ మనిషి గడచిన మూడు రాత్రులు ఎన్ని గంటలు నిద్రించాడు?" అని అడిగి నివేదికలో వ్రాయాలి. నిద్ర హరించినవాడికి కూడా ఆ అపరాధంలో భాగమున్నదని నా నిశ్చితాభిప్రాయం.