పితికిపప్పు నేర్పు పాఠము

ధనుర్మాసపు మంచుతోడనే మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సంతలకు అనపకాయలు వచ్చును. కన్నడమున అవరెకాయ యనబడు ఈ కాయకై బెంగళూరువారు జనవరి మాసమున మేళాయే జరుపుచుందురు. అచ్చట ఆ గింజలతో దోసెలు మొదలు జిలేబీల వరకు చేసి అమ్ముదురు. ఆ వింతలను గూర్చి మేము చెప్పవలసినదేమియు లేదు. అదే కాయతో మన యిండ్లలో తరతరములుగా అగుచున్న పితికిపప్పును గూర్చి మాత్రము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఆవకాయ, గోంగూర తెలుగువారి వంటలుగా దేశమంతట ప్రసిద్ధికెక్కినవి. చిత్తూరు, అనంతపురము సీమలలోను, వానిని ఆనుకొనియున్న మన తాలూకాలలోను ఇంటింట వండుకొను పితికిపప్పునకు ఆ ప్రసిద్ధి దక్కలేదు. కాయలొలిచి, గింజలను రాత్రి నీట నానవేసి, తెల్లవారిన పిమ్మట ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కవలెను. తోలు చేత మిగులును, పప్పు గిన్నెలోనికి దుముకును. ఆ పప్పును కొబ్బరి, ధనియాలు, మిరపకాయలు, వెల్లుల్లి నూరిన ముద్దతో ఉడికించి, రాగిసంగటితో తిన్నవారికి దాని రుచి వర్ణింపనక్కరలేదు.

పితుకుటచే అది పితికిపప్పు. మన కన్నడ సోదరులు దానినే హితికిద బేళె యందురు. పాత కన్నడమునందలి పకారము కాలక్రమమున పెక్కు మాటలలో హకారమైనది. మన పాలు వారికి హాలు, మన పులుసు వారికి హుళి, మన పితుకుట వారికి హితుకుట. వంట యొక్కటే, ధాతువు నొక్కటే. కావున ఇది ఎవరి సొత్తను తగవు నిష్ప్రయోజనము.

మా చింత వేరు. నేడు పితికిన పప్పే అంగళ్లలో దొరకుచున్నది. కొనువారిని మేము తప్పుపట్టము. అంత శ్రమను ఇంటి ఆడవారొక్కరే భరింపవలెననుట న్యాయము కాదు. అయినను కొన్న పప్పుతో మనకు రానిది యొకటి కలదు. పితుకుట ఒక్కరి పని కాదు. అవ్వ, కోడండ్లు, పిల్లలు గిన్నె చుట్టు కూర్చుందురు. చేతులకు పని యుండును, నోటికి తీరిక యుండును. ఆ సమయమున సామెతలు, పొడుపుకథలు, చుట్టముల సంగతులు అన్నియు తెలుగుననే సాగును. బడిలో కన్నడమును ఆంగ్లమును చదువు మన పిల్లలకు తెలుగుబడి అదియే.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతి కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. దానికై సంఘములు అడుగుట మానరాదు. కాని బడి వచ్చువరకు పిల్లవాని బాల్యము ఆగదు.

కొరియా దేశమున శీతకాలమునకు ముందు కుటుంబములును ఇరుగుపొరుగులును కూడి కిమ్చి యను కాబేజీ ఊరగాయను పెట్టుకొందురు. ఈ ఆచారమునకు కిమ్‌జాంగ్ అని పేరు. 2013లో యునెస్కో సంస్థ దక్షిణ కొరియాకు చెందిన ఈ ఆచారమును మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది. గౌరవము పొందినది ఊరగాయ మాత్రమే కాదు, నలుగురు కూడి చేసి పంచుకొను ఆచారము. పితికిపప్పు విషయమున మేము చెప్పునదియు ఇదియే.

ఇట్టి వంటలు మరికొన్ని కలవు. ఆకుకూరను పప్పుతో ఉడికించి, వంచిన కట్టును చారుగా కాచి, మిగిలినదానిని తాళింపు పెట్టుదురు. ఒక్క కుండలో ఉడికినదానితో రెండు వంటలగును. వాననే నమ్ముకొన్న మెట్టసీమకు ఇది తగిన పొదుపు. కన్నడమున దీనికి బస్సారని పేరు. ఆ మాట మన యిండ్లలోను వినబడుచున్నది. పొరుగు మాటను పుచ్చుకొనుట తప్పు కాదు. దానితోపాటు వంచుట, కట్టు అను మన మాటలు పిల్లల నోట లేకుండ పోవుటయే నష్టము.

కావున పాఠక సోదరీసోదరులకు మా విన్నపమిది. సంక్రాంతిలోగా ఒక్క ఆదివారము రెండు కిలోల కాయలు తెచ్చి, మగవారితో సహా ఇంటిల్లిపాది కూర్చుండి పితుకుడు. అవ్వ చెప్పిన వంట పద్ధతిని, ఆమె వాడిన మాటలను ఉన్నవి యున్నట్లుగా బడిపిల్లల చేత వ్రాయించి మాకు పంపుడు. తెలుగు లిపి రానిచో కన్నడ లిపిలోనే వ్రాయవచ్చును. మేము తెలుగు అక్షరములలో అచ్చువేసి, ఆ పిల్లలు చదువుకొనుటకై ఆ సంచికను వారికే పంపుదుము.