శాస్త్రము రోగి మంచము చేరవలెను

మనుష్యుని జీనోమునందు సుమారు 300 కోట్ల అక్షరములు గలవు. వానిని తొలిసారి చదువుటకై 1990లో ఆరంభమైన అంతర్జాతీయ ప్రయత్నము 2003లో ముగిసినది. నాడు పదుమూడేండ్లు పట్టిన కార్యము నేడు కొలది దినములలో నెరవేరుచున్నది. ఈ విద్యయందు మన దేశము వెనుకబడినదని యెవ్వరును అనజాలరు. సుమారు 10,000 మంది భారతీయుల జీనోముల సమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది. హైదరాబాదు నగరముననే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ యను రెండు పరిశోధనాలయములు వెలసి ప్రపంచ ఖ్యాతి నార్జించినవి. మన ప్రశ్న వేఱు. ఈ విద్య పరిశోధనాలయపు గడప దాటి రోగి మంచము వఱకు వచ్చినదా?

ఒక్క యుదాహరణము చాలును. శస్త్రచికిత్స సమయమున రోగి కండరములు సడలి, శ్వాసనాళములోనికి గొట్టము సులభముగ దిగుటకై మత్తువైద్యులు సక్సామిథోనియ మను మందును వాడుచుందురు. రక్తమందలి యొక ఎంజైము ఈ మందును కొలది నిమిషములలో విఱిచివేయును. రోగి మరల తన యూపిరి తాను పీల్చుకొనును. ఆ ఎంజైమును పుట్టించు జన్యువు తల్లి నుండియు తండ్రి నుండియు లోపముతోనే సంక్రమించినవారియందు మందు త్వరగా విఱుగదు. నిమిషములలో తీరవలసిన ప్రభావము గంటలకొలది నిలుచును. అంతవఱకు యంత్రమే వారికి ఊపిరి యందింపవలెను. ముందుగ తెలిసిన వైద్యుడు వేఱొక మందును వాడును, చిక్కే యుండదు. తెలియనివాడు పని ముగిసినదని గొట్టమును తీసివేసినచో, రోగి వ్రేలు కదల్పలేక, ఊపిరి పీల్చలేక ప్రాణాపాయమున బడును.

ఈ ఎంజైము లోపము ఇతరులకంటె ఆర్యవైశ్యులలో నూఱు రెట్లు అధికమని సీసీఎంబీ శాస్త్రజ్ఞులును, అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులును గూడి 2017లో ప్రకటించిన పరిశోధనము తెలుపుచున్నది. దీనికి కారణము చరిత్రలో గలదు. ఈ సమాజము నూఱు తరములకు పూర్వము కొలదిమంది మూలపురుషుల నుండి వృద్ధిపొంది, నాటినుండి తనలోనే వియ్యమందుచు వచ్చినది. మూలపురుషులలో నొకరికున్న జన్యుభేదము అట్టి సమాజమున తరతరములకు వ్యాపించును. ఇది యొక కులమునకు అంటగట్టదగిన దోషము గాదు. అదే పరిశోధనమున పరిశీలింపబడిన 263 దక్షిణాసియా సమూహములలో 81 సమూహములకు ఫిన్లాండువారికంటెను, అష్కెనజీ యూదులకంటెను బలమైన యిట్టి చరిత్రయే యున్నదని తేలినది. ఒకరికి మత్తుమందు చిక్కు, మఱియొకరికి రక్తదోషము, వేఱొకరికి కండరముల క్షీణత. ఎవరి యింట నేది దాగియున్నదో చూచుకొనుటయే వివేకము గాని, పొరుగువారిని వ్రేలెత్తి చూపుట గాదు.

ఈ లోపమును కనుగొనుటకు జీనోము నంతయు చదువ నక్కఱలేదు. ఎంజైము పరిమాణమును తెలుపు సామాన్య రక్తపరీక్ష చాలును. శస్త్రచికిత్సకు ముందు రోగిని వయస్సు, బరువు, మధుమేహము, రక్తపోటు మున్నగువానిని గూర్చి అడిగి వ్రాసికొందురు. మీ కుటుంబమున ఎవరికైన మత్తు ఇచ్చిన పిమ్మట ఊపిరి తిరుగుట యాలస్యమైనదా యను ప్రశ్నయు ఆ కాగితమున అచ్చుపడి యుండవలెను. ఈ ప్రశ్న నడుగు వైద్యులు లేకపోలేదు. కాని ప్రాణముతో ముడిపడిన సంగతిని ఒక్కొక్క వైద్యుని జ్ఞాపకమునకు విడుచుట తగదు. జ్ఞాపకము తప్పవచ్చును, అచ్చుపడిన ప్రశ్న తప్పదు.

ఈ సూత్రమును చక్కగ గ్రహించిన వైద్యాలయము లున్నవి. అమెరికాలోని వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయ వైద్యకేంద్రము 2010లో ఒక పద్ధతి నారంభించినది. రోగి జన్యుపరీక్షా ఫలితమును ముందుగనే అతని వైద్యపత్రములలో చేర్చి యుంచుదురు. గుండె రక్తనాళమున స్టెంటు అమర్చిన పిమ్మట ఇచ్చు క్లోపిడోగ్రెలు మందు కొందఱి కాలేయమున సరిగా క్రియాశీలము గాదు. అట్టివారికి వైద్యుడు ఆ మందును వ్రాయబోవగనే కంప్యూటరు హెచ్చరించును. వైద్యుడు జన్యుశాస్త్రమున పండితుడు కానక్కఱలేదు. శాస్త్రమే సమయమునకు అతని బల్లకడకు వచ్చును. పరిశోధన నిత్యచికిత్సలో గలియుట యన నిదియే.

మన దేశముననును ఇందుకు పునాదులు పడకపోలేదు. కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన ఉమ్మీద్ పథకము క్రింద హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జన్యువ్యాధుల నిర్ధారణ కేంద్ర మేర్పడినది. 2023 జూలై 1వ తేదీని ఆరంభమైన సికిల్‌సెల్ నివారణోద్యమము ముఖ్యముగ గిరిజన ప్రాంతములలో 7 కోట్ల మందిని పరీక్షించుటకు పూనుకొని, పరీక్ష జరిగినవారి చేతికి వారి స్థితిని తెలుపు కార్డుల నిచ్చుచున్నది. మన్యపు గూడెమునందలి గిరిజనునికి సాధ్యమైనది పట్టణవాసికి సాధ్యము గాదా? శ్రీకాకుళము నుండియు, ఆదిలాబాదు నుండియు ప్రతిరోగియు రాజధానికి పరుగెత్తుట పరిష్కారము గాదు. రక్తము ప్రయాణింపవచ్చును, రోగి ప్రయాణింప నక్కఱలేదు. జిల్లా ఆసుపత్రిలో రక్తము తీసి, నగరమున పరీక్షించి, ఫలితమును మరల జిల్లాకే చేర్చి, దాని నచ్చట తెలుగున వివరించి చెప్పువారి నుంచవలెను. పరీక్ష సగము పని. వివరణము తక్కిన సగము.

పల్లెలలో సామాన్య వైద్యుడే కఱవైనపుడు జీనోముల ముచ్చట యెందుకని కొందఱాక్షేపింతురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది గాదు. కాని మనము కోరునది ప్రతివానికి ప్రతిపరీక్షయు గాదు. ఎవరికి ఏ ప్రమాదము తెలియవచ్చినదో వారికి ఆ యొక్క పరీక్ష. తలసీమియా బిడ్డకు జీవితాంతము రక్తము నెక్కించు వ్యయముతో పోల్చిన, తల్లిదండ్రులకు ముందుగ జేయు పరీక్ష వ్యయము మిక్కిలి స్వల్పము.

రెండవ భయము ఇంతకంటె గాఢమైనది. పరీక్షలో లోపము తేలినదని పెండ్లిసంబంధము చెడునేమో, భీమాకంపెనీ తలుపు మూయునేమో, ఉద్యోగము పోవునేమో యని గృహస్థులు వెనుకాడుదురు. ఈ భయము నిర్హేతుకము గాదు. బిడ్డకు పై ఎంజైము లోపమే యున్నను, తలసీమియాయే యున్నను, తల్లి యెంత కారణమో తండ్రియు నంతే కారణము. అయినను నింద కోడలిపైననే పడుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. అమెరికావారు ఆరోగ్యభీమాలోను, ఉద్యోగములలోను జన్యుకారణముచే వివక్ష చూపరాదని 2008లో చట్టము చేసికొనిరి. అట్టి ప్రత్యేక చట్టము మనకును కావలయును. ఫలితము రోగి సొత్తు. అతని యనుమతి లేక మఱియొకరికి తెలుపుట నేరముగ నెంచబడవలెను. ఈ రక్షణ లేనిచో ఎంత చవుక పరీక్షకైనను ప్రజలు చేయి చాపరు.

ప్రభుత్వము చేయవలసినది చెప్పితిమి. ప్రజలు చేయవలసినదియు గలదు. అష్కెనజీ యూదులు తమలో వ్యాపించిన టే-శాక్స్ యను శిశుమారకవ్యాధికి 1970ల నుండి స్వచ్ఛందముగ పరీక్షలు చేయించుకొని, ఆ వ్యాధితో పుట్టు శిశువుల సంఖ్యను తొమ్మిది పాళ్లకు మించి తగ్గించుకొనిరి. వారిని ప్రభుత్వము నిర్బంధింపలేదు. సంఘమే ముందు నడచినది. మన కులసంఘములు ఊరూర సత్రములు కట్టినవి, విద్యార్థులకు వసతిగృహములు నెలకొల్పినవి, అన్నదానములు చేసినవి. అవే సంఘములు సంవత్సరమునకొకసారి వైద్యుల సాయమున పరీక్షాశిబిరము నేర్పఱచి, ఫలితమును ఎవరిది వారికే రహస్యముగ నందజేసినచో, ఆ దానము అన్నదానమునకు తీసిపోదు.

మన శాస్త్రజ్ఞులు తమ పని చేసిరి. వారు కనుగొన్న సత్యము పత్రికలలో నచ్చుపడి గ్రంథాలయములలో నున్నది. మఱియొక రోగి శస్త్రచికిత్స బల్ల నెక్కుటకు ముందే అది అతని చీటీలోనికి రావలెను.