ముఖ్యమంత్రి లేని ఊరు

అమెరికా పౌరసత్వ పరీక్షలో వచ్చే ప్రశ్నల్లో ఒకటి: 'మీ రాష్ట్ర గవర్నర్ ఎవరు?' 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసుకున్నవారు 128 ప్రశ్నల జాబితాను వల్లెవేయాలి. అందులోంచి 20 అడుగుతారు, 12 సరిగా చెబితే గట్టెక్కినట్టే. గవర్నర్ ప్రశ్న డల్లాస్‌లోని తెలుగువారికి నల్లేరుపై నడక. రాజధాని వాషింగ్టన్‌లో ఉండేవారికి మాత్రం తిరకాసు. 'మాకు గవర్నర్ లేరు' అనడమే అక్కడ సరైన జవాబు.

అలాంటి తిరకాసే అండమాన్ రాజధానిలోని లంబాలైన్‌లోనూ ఉంది. మీ ముఖ్యమంత్రి ఎవరని అక్కడి తెలుగు విద్యార్థిని అడిగితే సరైన సమాధానం: లేరు. ఎమ్మెల్యే? లేరు. రాజ్యసభ సభ్యుడు? ఆయనా లేరు. ద్వీపాల జనాభాలో 13 శాతం పైచిలుకు తెలుగు మాతృభాషగా గలవారేనని 2011 జనగణన చెబుతోంది. శ్రీకాకుళం, విశాఖల్లోని బంధువులు ఎమ్మెల్యే ఇంటి ముందు అర్జీ పట్టుకుని నిలబడతారు. వీరికి నిలబడడానికి ఆ గుమ్మమే లేదు.

మరి పాలించేదెవరు? రాజ్యాంగం 239వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి, ఆయన తరఫున అడ్మినిస్ట్రేటర్. ఆ హోదాకు 1982 వరకూ చీఫ్ కమిషనర్ అని పేరు, ఆ ఏడాది నవంబరు నుంచి లెఫ్టినెంట్ గవర్నర్. రాష్ట్ర గవర్నర్ మంత్రిమండలి సలహాపై సంతకం చేస్తే, ఇక్కడ సలహా ఇచ్చే మంత్రిమండలే లేదు. ఫైళ్లు చీఫ్ సెక్రటరీ మీదుగా నడుస్తాయి, కీలకమైనవి ఢిల్లీలోని హోంశాఖకు చేరతాయి. 240వ అధికరణం కింద రాష్ట్రపతి జారీచేసే రెగ్యులేషన్‌కు పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంది.

ప్రజలు ఎన్నుకునేది రెండు చోట్లే. ఒకటి లోక్‌సభ. అక్కడికీ 1967 దాకా ఎంపీని రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. రెండోది స్థానిక సంస్థలు. పల్లెల్లో ప్రధాన్‌లు, పట్టణంలో మునిసిపల్ కౌన్సిలర్లు. ఇవి కూడా 1994 నాటి రెగ్యులేషన్ల చలవే.

మునిసిపాలిటీలో తెలుగు రాజకీయం కూడా ఓసారి మెరిసింది. 2022 మార్చి ఎన్నికల్లో 24 వార్డుల్లో రెండే గెలిచిన తెలుగుదేశం, ఏడాది తిరిగేసరికి బీజేపీ మద్దతుతో పీఠమెక్కింది. ఆ పార్టీ కౌన్సిలర్ ఎస్. సెల్వి 14 ఓట్లతో చైర్‌పర్సన్ అయ్యారు. అమరావతిలో దాన్ని పొత్తుకు శుభశకునమన్నారు. 2024లో ఆ పొత్తు కుదిరింది కూడా. వార్డు ఓటరుకు మాత్రం కావలసింది శకునం కాదు, కుళాయిలో నీళ్లు. నగరానికి ప్రధాన ఆధారం ధనిఖరి జలాశయం. వేసవిలో అది అడుగంటితే జనం నిలదీసేది కౌన్సిలర్‌నే. కొత్త జలాశయం కట్టే శక్తి మాత్రం ఆ కౌన్సిలర్ చేతిలో లేదు. నిందలు ఓటడిగినవారికి, నిర్ణయాలు ఓటడగనివారికి!

శాసనసభ కావాలన్న డిమాండు పాతదే. జనాభా 3.8 లక్షలే కదా అన్నది దానికి తరచూ వచ్చే జవాబు. కానీ 1975లో సిక్కిం రాష్ట్రమైనప్పుడు, అంతకు ముందు జనగణన లెక్కల్లో దాని జనాభా 2.1 లక్షలు. పుదుచ్చేరికి 1963 నుంచీ శాసనసభ ఉంది. వ్యూహాత్మక సరిహద్దు, ఆదిమ తెగల రక్షణ అన్న వాదనలకు బరువుంది. అయితే వాటికీ, వీధి కుళాయికీ సంబంధం తక్కువ.

2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. ఆ నిర్ణయాన్ని ప్రకటించింది కేంద్ర హోంమంత్రి. మీ ఊరిని పాలించేది ఎవరన్న ప్రశ్నకు లంబాలైన్ విద్యార్థి అంతకన్నా స్పష్టమైన జవాబు వెతకనక్కర్లేదు.