‘నడుస్తోంది’ అంటే చాలదు, కొలవాలి

పక్షవాతం వచ్చిన ఇరవై మూడో రోజున మా పెద్దమ్మ స్నానాలగదిలో పడిపోయింది. అప్పటికే మంచం దిగి నడుస్తోంది. చూడటానికి వచ్చిన బంధువులంతా ‘దేవుడి దయ, త్వరగానే నడక వచ్చేసింది’ అని సంతోషపడి వెళ్లారు. ఆ ఉదయం చెంబు అందుకుని బకెట్ వైపు తిరిగింది. ఒళ్లు తిరిగింది గానీ ఎడమ కాలు తిరగలేదు. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. తుంటి ఎముక విరగలేదు, అంతవరకు నయం.

ఆ రాత్రి ఆస్పత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీసి చూశాను. బీపీ ఎంతో ఉంది, షుగర్ ఎంతో ఉంది, స్కానింగ్‌లో ఏం కనిపించిందో ఉంది, వేసుకోవలసిన ఆరు మాత్రల పేర్లున్నాయి. నడక గురించి అట్టడుగున ఒక్క ముక్క: ‘ఫిజియోథెరపీ చేయించగలరు’. ఎంత వేగంగా నడుస్తోంది, ఎక్కడ తూలుతోంది, ఏ పని ఒంటరిగా చేయకూడదు అనేవి ఒక్కటీ లేవు. ఎవరైనా ఓ పావుగంట కూర్చుని కొలిచి ఉంటే, ఆమెకు ముప్పు ఏ కదలికలో ఉందో అదే కాగితం మీద రాసి ఉండేవారు.

మన ఊళ్లలో చదువు రాని అమ్మమ్మలు కూడా తమ బీపీ ఎంతో, షుగర్ ఎంతో ఠక్కున చెబుతారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి కొలిచి చెప్పబట్టే ఆ అంకెలు జనం నోట్లో నానాయి. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి నడకకూ అలాంటి అంకెలున్నాయి. వాటిని కొలవడానికి కావలసింది ఒక కుర్చీ, ఒక టేపు, సెల్‌ఫోన్లో ఉండే స్టాప్‌వాచ్. అయినా మన వైద్యవ్యవస్థ ఆ మనిషిని ‘నడుస్తున్నాడు’, ‘నడవడం లేదు’ అన్న రెండు ముక్కలతో ఇంటికి పంపేస్తోంది. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న దూరంలోనే మనవాళ్లు పడిపోతున్నారు.

నడకంటే కాలి బలం ఒక్కటే కాదు. మెదడులో దెబ్బ తగిలిన చోటును బట్టి చిక్కులు వేరువేరుగా వస్తాయి. కొందరికి చీలమండ దగ్గర పాదం పైకి లేవక వేళ్లు నేలకు రాసుకుంటాయి, దాంతో కాలిని పక్క నుంచి చుట్టూ తిప్పి వేస్తారు. కొందరికి బలం ఉన్నా అరికాలికి స్పర్శ ఉండదు, నేల తగిలిందో లేదో తెలియదు. మెదడు కుడివైపు దెబ్బతిన్నవారిలో కొందరు ఎడమవైపు లోకాన్నే మరచిపోతారు, ద్వారబంధానికి భుజం కొట్టుకునేదాకా అది అక్కడుందని గమనించరు. మంచి చేత్తో నెట్టుకుంటూ చచ్చుబడిన వైపుకే ఒరిగిపోయేవారూ ఉంటారు. ‘కాలు ఎత్తండి’ అని మంచం మీద పరీక్షిస్తే వీటిలో చాలావరకు బయటపడవు. పడిపోవడం కూడా ఎక్కువగా బలహీనమైన వైపే జరుగుతుంది. వాడకం లేక ఆ వైపు ఎముక పలచబడి ఉంటుంది, అడ్డుపెట్టుకోవడానికి ఆ చేయి రాదు. తుంటి విరిగిందంటే అప్పటిదాకా పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

కొలిచే పద్ధతులు కొత్తవేమీ కావు. కెనడాకు చెందిన ఫిజియోథెరపిస్టు కేథరీన్ బెర్గ్ 1989లో రూపొందించిన బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్‌లో 14 చిన్న పనులుంటాయి. కూర్చుని లేవడం, కళ్లు మూసుకుని నిలబడటం, వెనక్కి తిరిగి చూడటం, నేల మీది వస్తువు తీయడం, చుట్టూ తిరగడం వంటివి. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 56. 45 కన్నా తగ్గితే జాగ్రత్త పడాలని చాలాకాలంగా చెబుతున్నారు. 1991లో వచ్చిన ‘టైమ్డ్ అప్ అండ్ గో’ ఇంకా సులువు. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఇక నడక వేగం. అమెరికాలో జాక్వెలిన్ పెర్రీ బృందం 1995లో పక్షవాతం వచ్చినవారి వేగాన్ని వారి రోజువారీ బతుకుతో పోల్చి చూసింది. సెకనుకు 0.4 మీటర్ల కన్నా తక్కువైతే ఆ మనిషి ఇంటికే పరిమితం, 0.8 దాటితే ఊళ్లో స్వేచ్ఛగా తిరగగలడు, మధ్యలో ఉంటే బయటికి వెళ్లినా కొంతమేరకే. రోడ్డు దాటే సిగ్నళ్ల సమయాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకను బట్టి లెక్కిస్తారు. పన్నెండు మీటర్ల రోడ్డును ఆ వేగంతో పది సెకన్లలో దాటవచ్చు. 0.4 వేగంతో నడిచే మనిషికి ముప్పై సెకన్లు కావాలి. ఒక్క అంకె ఎంత చెబుతుందో చూడండి.

పెద్దమ్మ పడిపోయాక మండల కేంద్రం నుంచి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయిని పిలిపించాం. స్కూటీ మీద వచ్చింది. మందుల గురించి అడగలేదు, వరండాలో కుర్చీ వేయించి, టేపుతో మూడు మీటర్లు కొలిచి, అక్కడ ముగ్గుపిండితో ఒక గీత గీసింది. ‘అమ్మా, లేచి ఆ గీతదాకా వెళ్లి, వచ్చి కూర్చోండి. తొందరేం లేదు’ అంది. 34 సెకన్లు పట్టింది. గీత దగ్గర తిరగడానికే తొమ్మిది చిన్న అడుగులు వేసింది పెద్దమ్మ. రెండోసారి నడుస్తుంటే మధ్యలో ఆ అమ్మాయి మామూలుగా, ‘ఇవాళ ఏం కూరమ్మా?’ అని అడిగింది. పెద్దమ్మ టక్కున ఆగిపోయింది. గోడ పట్టుకుని నిలబడి, ‘దోసకాయ పప్పు’ అని చెప్పి, మళ్లీ అడుగు వేసింది.

మాకది ముచ్చటగా అనిపించింది. ఆ అమ్మాయికి మాత్రం అది పరీక్ష. మాట్లాడటానికి నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. అడుగులో అడుగు వేయడానికే మనసంతా పెట్టవలసి వస్తున్నప్పుడు, ఇంకో ఆలోచనకు చోటుండదు. ఆ రోజు నుంచి పెద్దమ్మ నడుస్తుంటే వెనక నుంచి పిలవడం ఇంట్లో అందరం మానేశాం. ఖర్చు లేని ఈ జాగ్రత్త ఒక్క ప్రశ్నతో దొరికింది.

ఆ తర్వాత బెర్గ్ పరీక్ష. 56కి 31. మార్కులు ఎక్కడ పోయాయో కూడా ఆమె మాకు చూపించింది: చుట్టూ తిరగడం, వెనక్కి చూడటం, కిందిది తీయడం, పీట మీద కాలు మార్చి మార్చి పెట్టడం. వ్యాయామాలన్నీ ఆ నాలుగింటి చుట్టూనే అల్లింది. అంతకుముందు మేం చేయిస్తున్నదల్లా మంచం మీద కాలు మడవడం, చాపడం. కొలతకూ చికిత్సకూ ఉన్న సంబంధం ఇదే. కొలవకపోతే చేయించవలసింది ఏదో తెలియదు, చేయించినది పనిచేసిందో లేదో అసలే తెలియదు.

కాలం కూడా మన కోసం ఆగదు. డెన్మార్క్‌లో జరిగిన కోపెన్‌హేగెన్ అధ్యయనంలో 95 శాతం మంది తమకు సాధ్యమైన అత్యుత్తమ నడకను తొలి 11 వారాల్లోనే అందుకున్నారు. ఆ తర్వాత మెరుగుదల ఉండదని కాదు, ఆ వారాలంత వేగంగా ఉండదని. నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకా ముందుకెళ్లి, తొలి మూడు రోజుల్లో ముప్పై సెకన్లు ఆసరా లేకుండా కూర్చోగలగడం, బలహీనమైన కాలిని కాస్తయినా కదపగలగడం అన్న రెండు అంశాలతోనే ఆరు నెలల తర్వాతి నడకను చాలావరకు అంచనా వేయవచ్చని చూపారు. మన దగ్గర ఆ విలువైన వారాలు ఎలా గడుస్తున్నాయి? ఆస్పత్రి నుంచి వచ్చాక పసరు మందు కోసం ఒక ఊరు, పావురం మాంసం కోసం ఇంకో ఊరు. వెళ్లేవారిని తప్పుపట్టి లాభం లేదు. ఇంటికి పంపేటప్పుడు వైద్యవ్యవస్థ వారికి ఏ దారీ చూపించలేదు కాబట్టే, ఎవరో చూపిన దారి పట్టారు.

‘మనకంత పరికరాలెక్కడివి?’ అంటారు కొందరు. అమెరికాలో 408 మందిపై జరిగి 2011లో వెలువడిన లీప్స్ అధ్యయనం దీనికి జవాబిచ్చింది. శరీర బరువును పైనుంచి బెల్టులతో మోస్తూ ట్రెడ్‌మిల్‌పై నడిపించే ఖరీదైన శిక్షణను, ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి చేయించే వ్యాయామాలతో పోల్చారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి. యంత్రం కన్నా మనిషి ముఖ్యమని తేలింది.

‘అయితే ఇంట్లోవాళ్లకే నేర్పేస్తే పోలేదా?’ అని అడిగేవారికి మన దేశమే సమాధానం చెప్పింది. 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ అధ్యయనం 2017లో వెలువడింది. కుటుంబసభ్యులకు తర్ఫీదిచ్చి వారితోనే వ్యాయామాలు చేయించిన వర్గంలోనూ, మామూలు వైద్యం పొందిన వర్గంలోనూ ఆరు నెలలకు చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిపి 47 శాతమే. కోడలి ప్రేమ, కొడుకు ఓపిక ఎంతో విలువైనవి. వృత్తి నేర్చిన మనిషి కన్నుకు, చేతికి అవి బదులు కాలేవు. బాధ్యత కుటుంబం నెత్తిన పెట్టి ప్రభుత్వం తప్పుకోవడానికి లేదని ఆ అధ్యయనం చెబుతోంది.

మన రాష్ట్రాల్లో పక్షవాతాన్ని ప్రభుత్వం అసలు కొలవడం లేదా అంటే, కొలుస్తోంది. సదరం శిబిరంలో కొలుస్తుంది, వైకల్య శాతం కోసం. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను రూ.4,016. ఆ సొమ్ము ఆ ఇళ్లకు ప్రాణాధారం, ఒక్క రూపాయి తగ్గించమని ఎవరూ అనకూడదు. కానీ మనిషి ఎంత పోగొట్టుకున్నాడో కొలవడానికి శిబిరాలు, వైద్యులు, కంప్యూటర్లు ఉన్న చోట, తిరిగి ఎంత సంపాదించుకోగలడో కొలవడానికి మండలంలో ప్రభుత్వం తరఫున ఒక్క మనిషి లేకపోవడం ఏ లెక్కన న్యాయం? మంచాన పడ్డాక ఏళ్ల తరబడి ఇచ్చే సాయంలో చిన్న భాగం ముందే ఖర్చుపెడితే, ఆ మంచం మీది నుంచి లేచి నడిచేవారు ఎందరో ఉంటారు.

ఈ కొలతలకూ హద్దులున్నాయి. బెర్గ్ 14 పనుల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం లేదు. గడప దాటడం లేదు. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడం లేదు. చచ్చుబడిన పాదం నుంచి హవాయి చెప్పు జారిపోతుంటే దాన్ని పట్టుకుని నడవడం ఏ స్కేల్‌లోనూ లేదు. బాగా కోలుకున్నవారికి బెర్గ్‌లో మార్కులు నిండిపోయి, మిగిలిన చిన్న లోపాలు కనిపించకుండా పోతాయి కూడా. కనుక పరాయి దేశపు స్కేళ్లను కళ్లకద్దుకోనవసరం లేదు, పక్కన పెట్టనూ అక్కర్లేదు. వాటితో మొదలుపెట్టి మన ఇళ్లకు తగిన పనులు చేర్చుకోవాలి. మన ఫిజియోథెరపీ కళాశాలలకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం ఏముంటుంది?

చేయవలసినవి మూడే. ఒకటి: పక్షవాత రోగి డిశ్చార్జి కాగితంలో నడక వేగం, లేచి నడిచి కూర్చునే సెకన్లు, బెర్గ్ మార్కులకు మూడు గడులుండాలి. అవి నింపకుండా ఏ ఆస్పత్రీ ఇంటికి పంపకూడదు, ఆరోగ్య పథకాల బిల్లు చెల్లింపును దానితో ముడిపెట్టాలి. రెండు: మండలానికో ఫిజియోథెరపిస్టు ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టులను పంపుతున్న అనుభవం రెండు రాష్ట్రాలకూ ఉంది, అదే దారి పెద్దలకూ తెరవాలి. మూడు: బీపీ కొలవడానికి గడప తొక్కే ఆరోగ్య కార్యకర్తలకు ఆ కుర్చీ పరీక్ష నేర్పాలి. తొలి మూడు నెలల్లో నెలకోసారి చూసి, సెకన్లు తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు కబురు పెడితే చాలు.

ఆరు వారాలకు పెద్దమ్మ 34 సెకన్లు 21 అయ్యాయి, 31 మార్కులు 42 అయ్యాయి. ‘ఇంకా ఈ కర్ర ఎందుకు, బాగానే నడుస్తున్నావుగా’ అని పక్కింటివాళ్లు అంటే, ‘నలభై అయిదు రావాలట, ఇంకా మూడు తక్కువున్నాయి’ అని కర్ర చేతిలోకి తీసుకుంది. తన నడక తనకు ఎంత దూరంలో ఉందో ఆమెకిప్పుడు తెలుసు. పక్షవాతం వచ్చిన ప్రతి మనిషికీ అది తెలియాలి. అది వారి హక్కు.