ముందు ఎవరి ఫిట్‌నెస్ చూడాలి?



సాహస శిబిరం, ట్రెక్కింగ్ క్యాంపు, రాక్ క్లైంబింగ్ ట్రైనింగ్. పేరేదైనా కానీ, అప్లికేషన్ చివరి పేజీ మాత్రం ఇంచుమించు ఒకేలా ఉంటది. ఎత్తు, బరువు, బీపీ, హిమోగ్లోబిన్. ఉబ్బసం ఉందా? మూర్ఛ ఉందా? రక్తానికి సంబంధించిన జబ్బులు ఉన్నాయా? కింద ఎంబీబీఎస్ డాక్టర్ సంతకం, స్టాంపు. దానికి పిన్ను కొట్టి ఇంకో కాగితం: "మా బిడ్డకు ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదు" అని తల్లిదండ్రుల సంతకం. మన ఇళ్లల్లో చాలాచోట్ల వేలిముద్ర.

పోడు పట్టాల గురించి కొట్లాడుతున్నాం. జీవో 3 పోయినప్పుడు రోడ్డెక్కాం. ఈ ఒక్క పేజీ గురించి మాత్రం మనం కూర్చొని మాట్లాడుకున్నది లేదు. "క్యాంపే కదా, పోతే పోయింది" అనుకుంటాం. కానీ ఆ క్యాంపు దగ్గరే దారి మొదలవుతది. ఎన్‌సీసీ సర్టిఫికెట్, పర్వతారోహణ కోర్సు, గైడ్ పని, ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం, యూనిఫాం ఉద్యోగానికి కావలసిన ధైర్యం, ఇవన్నీ ఆ గేటు దాటాకే. గేటు దగ్గర ఎవరిని ఆపుతున్నారో, ఎందుకు ఆపుతున్నారో అడగడం మన పని.

ముందే ఒక మాట చెప్తున్నా. నేను హెల్త్ టెస్టులకు వ్యతిరేకం కాదు. టెస్టు లేకుండా పిల్లల్ని కొండెక్కించేవాడు మన మిత్రుడు కాదు. నా గొడవ ఒక్కటే: ఆ టెస్టు బిడ్డను కాపాడడానికా, బిడ్డను తీసేయడానికా?

పోయిన వేసవిలో మా మండలం పిల్లలకు ఒక క్యాంపు ఫారాలు నింపిపెట్టాను. క్యాంపు ఇంకో వారం ఉందనగా రక్త పరీక్షలు చేశారు. ఒక చెల్లెకు హిమోగ్లోబిన్ 10 దగ్గర వచ్చింది. లిస్టులో పేరు మీద ఎర్ర గీత పడింది. అంతే. ఎందుకు తగ్గిందో చెప్పలేదు. మాత్ర ఇవ్వలేదు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారో చెప్పలేదు. పేరు కొట్టేయడానికి పెన్ను ఉంది, మందు రాయడానికి లేదు! ఆ చెల్లె రోజూ నీళ్ల బిందెతో గుట్ట ఎక్కి దిగుతది. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

ఇది ఒక్క చెల్లె కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. అబ్బాయిల్లో 31.1 శాతం. ఇది అన్ని కులాల, అన్ని ప్రాంతాల లెక్క. 12 గ్రాములు లేకపోతే రావొద్దు అని గీత గీస్తే పది మంది ఆడపిల్లల్లో ఆరుగురు గేటు దగ్గరే ఆగిపోతారు. అప్పుడు ఆ క్యాంపు ఎవరికి? ఇంట్లో గుడ్డు, పాలు, ఆకుకూర రోజూ దొరికే పిల్లలకు. ఆకలిని కొలిచి, దానికి అనర్హత అని పేరు పెట్టడమే కదా ఇది?

హిమోగ్లోబిన్ ఎందుకు చూస్తారో కూడా తెలుసుకుందాం. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోసేది అదే. 3,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతం దగ్గరే ఉంటది. దొరికే ఆక్సిజన్ తక్కువ, మోసే రక్తమూ తక్కువైతే బిడ్డ ఆయాసపడి పడిపోవచ్చు. కాబట్టి హిమాలయాలకు పోయేవాళ్లకు ఆ పరీక్ష తప్పనిసరి, ఒప్పుకుంటా. కానీ భువనగిరి గుట్ట ఎంత? సుమారు 500 అడుగులు. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంటది. రెండు రోజుల గుట్ట క్యాంపుకూ, నెల రోజుల మంచు కొండ కోర్సుకూ ఒకటే కాగితం జిరాక్స్ తీసి వాడితే అది వైద్యం కాదు, బద్ధకం.

ఇంకో సంగతి. మామూలు రక్తహీనతకు మందు ఖరీదైంది కాదు. బడుల్లో, అంగన్‌వాడీల్లో వారానికొకటి ఇవ్వాల్సిన నీలి రంగు ఐరన్ మాత్ర ఉంది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర ఉంది. తిండి సరిగ్గా పెట్టి, ఈ మాత్రలు ఇచ్చి, రెండు మూడు నెలలు చూస్తే చాలామందికి రక్తం పెరుగుతది. అంటే తేడా అంతా తేదీలో ఉంది. అదే పరీక్ష క్యాంపుకు వారం ముందు చేస్తే తీసివేత. మూడు నెలల ముందు చేస్తే చికిత్స. సూది ఒకటే, చుక్క ఒకటే, మనసే వేరు.

ఇక కొలతల సంగతి. పెద్దవాళ్లకు వాడే బీఎంఐ 18.5 గీతను 14 ఏళ్ల పిల్లాడికి పెడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 ఏళ్ల లోపు పిల్లలకు వయసును బట్టి వేరే పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం 14 ఏళ్ల పిల్లాడికి బీఎంఐ 17 ఉంటే అది మామూలే. పెద్దల గీత పెట్టి కొలిస్తే అదే పిల్లాడు "అండర్‌వెయిట్". పట్టిక తప్పు పట్టుకొని బిడ్డను తప్పు పడుతున్నారు. పోలీసు నియామకాల్లో చూడండి: మగవాళ్లకు మామూలుగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు అడిగితే, ఏజెన్సీ గిరిజనులకు 160 సరిపోతుంది. ఒకే టేపు అందరికీ పనికిరాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి నడక పరీక్ష ఉంది: మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. పని ఏదో దాన్నే పరీక్షించడం అంటే అది. కొండ నడిచే క్యాంపుకు నడిపించి చూడండి. రోడ్డు లేని ఊరి నుంచి అర్ధరాత్రి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కుర్రాడిని రెండు కిలోలు తక్కువని వెనక్కి పంపడం ఏం న్యాయం?

ఆగండి. ఇక్కడే మనవాళ్లు ఇంకో గోతిలో పడతారు. "మేం అడవి బిడ్డలం, పుట్టుకతోనే గట్టివాళ్లం, మాకు టెస్టులెందుకు" అంటారు. ఈ మాట విని చప్పట్లు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎందుకంటే ఈ మాట వాళ్లకు చౌక. గట్టివాళ్లైతే బూట్లు ఎందుకు? గట్టివాళ్లైతే డాక్టర్ ఎందుకు? పొగిడి పని చేయించుకోవడం పాత విద్య.

2014 సంవత్సరం గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో ఖుంబు మంచుపాతం దగ్గర హిమపాతం విరుచుకుపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలు. కొండ మనుషులు, కొండంత బలం ఉన్నోళ్లు. పర్వతారోహకుల సామాన్లు మోసే దారిలోనే పోయారు. పుట్టుక బలం వాళ్లను కాపాడలేదు.

అదే ఏడాది మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల, కూలి చేసుకునే ఇల్లు, 14 ఏళ్లు ఇంకా నిండలేదు. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా ఆ రోజే ఎక్కాడు. ఇద్దరూ గురుకులం పిల్లలు. వాళ్లు సర్టిఫికెట్ చేత్తో పట్టుకొని పుట్టారా? ముందు భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్పారు. తర్వాత డార్జిలింగ్ హిమాలయన్ మౌంటనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. ఆ తర్వాత లద్దాఖ్ చలిలో నడిపించారు. తిండి పెట్టారు, బట్టలిచ్చారు, కోచ్‌ను పెట్టారు. అంటే ఫిట్‌నెస్ ఇంటి నుంచి మూట కట్టుకొని తెచ్చేది కాదు. తయారు చేస్తే తయారయ్యేది. ప్రభుత్వం తలచుకుంటే కూలోళ్ల బిడ్డ ప్రపంచపు కొన మీద నిలబడుతది. తలచుకోకపోతే లిస్టులో ఎర్ర గీత అయిపోతది.

ఇంకా రెండు వారాలు ముందుకు రండి. జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. టూరుకు పోయిన పిల్లలు. ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు, వాళ్లకు సరైన హెచ్చరిక అందలేదు. అక్కడ ఏ బిడ్డ హిమోగ్లోబిన్ తక్కువైంది? ఏ బిడ్డ ఎత్తు తక్కువైంది? ఫెయిలైంది పిల్లల ఒళ్లు కాదు, పెద్దల ఏర్పాట్లు. అందుకే అడుగుతున్నా: ముందు ఎవరి ఫిట్‌నెస్ చూడాలి?

ఇప్పుడు మన ఇళ్లల్లో భయం పుట్టిస్తున్న సంగతికి వస్తా. సికిల్ సెల్. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేసి కార్డులు ఇస్తామన్నది. మంచిదే. పరీక్ష చేయించుకోండి. కానీ ఆ కార్డు రేపు గేటు దగ్గర ఏమవుతదో ఇప్పుడే ఆలోచించండి.

తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గరా సికిల్ జన్యువు వస్తే జబ్బు. చలి, నీళ్లు తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం వల్ల నొప్పుల దాడి రావచ్చు. అలాంటి బిడ్డను ఎత్తు కొండలకు డాక్టర్ మాట లేకుండా పంపొద్దు. ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకుడు మాత్రమే. జబ్బు మనిషి కాదు. చాలామందికి జీవితమంతా ఏ లక్షణమూ ఉండదు. బాగా ఎత్తుకు పోయినప్పుడు అరుదుగా ప్లీహానికి దెబ్బ తగలొచ్చు, నీళ్లు లేకుండా ఎండలో విపరీతంగా పరిగెత్తిస్తే కండరాలు దెబ్బతినొచ్చు. కాబట్టి తెలిసి ఉండడం మంచిది.

తెలిశాక ఏం చేయాలి? అమెరికాలో 2006లో రైస్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు డేల్ లాయిడ్ ప్రాక్టీసులో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. అతను వాహకుడు. ఆ కేసు తర్వాత 2010 నుంచి అక్కడి కాలేజీ క్రీడల పెద్ద డివిజన్‌లో ఈ పరీక్ష పెట్టారు. ఆడనివ్వకుండా ఆపడానికి కాదు, జాగ్రత్తగా ఆడించడానికి. 2016లో అమెరికా సైన్యంలోని 47,944 మంది నల్లజాతి సైనికుల మీద జరిగిన అధ్యయనం వచ్చింది. వాహకులకు కండరాలు దెబ్బతినే ముప్పు 54 శాతం ఎక్కువే అని తేలింది. మరణం ముప్పు మాత్రం ఎక్కువ లేదు. ఆ సైన్యంలో అందరికీ ఒకటే జాగ్రత్త: నీళ్లు, విరామం, మెల్లగా అలవాటు చేయడం. అదే మనమూ అడగాలి. జాగ్రత్త అందరికీ పెట్టండి, ముద్ర ఒక్కరికీ వేయొద్దు.

కాబట్టి ఐటీడీఏలను, గురుకులాలను, క్యాంపులు పెట్టే ప్రతి సంస్థనూ మనం అడగాల్సినవి ఇవి:

1. వైద్య పరీక్ష క్యాంపుకు కనీసం మూడు నెలల ముందు, పీహెచ్‌సీలో, ఉచితంగా చేయాలి. ప్రైవేటు ల్యాబుకు తిప్పి అమ్మానాన్నల కూలి పోగొట్టొద్దు.

2. తక్కువ వచ్చిన బిడ్డకు చికిత్స, తిండి, మళ్లీ పరీక్ష తేదీ ఇవ్వాలి. సీటు అప్పటిదాకా ఉంచాలి.

3. గుట్ట క్యాంపుకు గుట్ట ప్రమాణం, మంచు కొండకు మంచు కొండ ప్రమాణం. పిల్లలకు పిల్లల పట్టిక.

4. వద్దంటే కారణం రాసివ్వాలి, తెలుగులో. ఆ కాగితం బిడ్డకూ తల్లిదండ్రులకూ తప్ప ఎవరికీ చూపొద్దు. నలుగురిలో ఆడపిల్లలను నెలసరి గురించి అడగడం బంద్ కావాలి.

5. సికిల్ సెల్ వాహకులను ఆ ఒక్క కారణంతో తీసేయొద్దు.

6. "మాకు సంబంధం లేదు" అనే కాగితం రద్దు చేయాలి. దాని బదులు నిర్వాహకులే రాసివ్వాలి: డాక్టర్ ఎవరు, బండి ఎక్కడ, ఆక్సిజన్ ఉందా, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, వరద వస్తే ఎవరు చెప్తారు.

నీ వంతు పని కూడా ఉంది. జబ్బు దాచకు. ఉబ్బసం ఉంటే చెప్పు, మూర్ఛ మందు వాడుతుంటే చెప్పు, జ్వరం వచ్చి తగ్గితే చెప్పు. దాస్తే నష్టపోయేది నువ్వే, నిన్ను మోసుకొచ్చేది నీ పక్కోడే. ఇప్పుడే పీహెచ్‌సీకి పోయి రక్తం చూపించుకో. చెల్లెను కూడా తీసుకుపో. పేరు కొట్టేస్తే ఊరుకోకు, కారణం రాసిమ్మని అడుగు. ప్రభుత్వ క్యాంపు అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చెయ్యి, మాకూ చెప్పు.

కొండలు మనవి. వాటి మీద పెట్టే క్యాంపుల్లో మన పిల్లలు సామాన్లు మోసేవాళ్లుగా, వంట చేసేవాళ్లుగా మిగిలిపోవద్దు. తాడు పట్టుకొని ముందు నడిచేవాళ్లు కావాలి. దానికి మన ఒంట్లో లోటు ఏదైనా ఉంటే, ఆ లోటు తీర్చండి. మమ్మల్ని తీసేయకండి.

ఈ వేసవి ఫారాలు వచ్చే ముందే మీ ఊళ్లో కూర్చోండి. ఈ ఆరు డిమాండ్లు చదివి వినిపించండి.

జై ఆదివాసీ!